ఊరూ పేరూ తెలియని పాత స్టాంపు: ఫోనా, కేటలాగా, తెలిసిన పెద్దాయనా?

తాతగారి ట్రంకుపెట్టెలో స్టాంపుల ఆల్బమ్ దొరికిందనీ, అందులో కొన్ని ఏ దేశానివో, ఏ కాలానివో అంతుపట్టడం లేదనీ విశాఖలో తరచూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పోర్టులో, షిప్‌యార్డులో, నేవీలో పనిచేసినవాళ్ళ ఇళ్ళు ఇక్కడ ఎక్కువ కాబట్టి విదేశీ స్టాంపులూ బాగానే కనిపిస్తాయి. వాళ్ళు అడిగేది చివరికి ఒక్కటే. ఫోన్‌లో ఫోటో తీసి వెతకాలా, స్టాంపుల వివరాలుండే కేటలాగు కొనుక్కోవాలా, స్టాంపుల గురించి తెలిసిన పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాలా?

ఏ దేశానిదో తేల్చడానికి ఫోన్‌ను మించింది లేదు. అరబిక్, చైనీస్, గ్రీకు లిపుల్లో ఉన్నవాటిని మనం చదవలేం. గూగుల్ లెన్స్‌కి చూపిస్తే చాలావరకు దారి దొరుకుతుంది. 'హెల్వెషియా' అని ఉంటే స్విట్జర్లాండ్, 'మాగ్యార్' అంటే హంగరీ, 'సువోమి' అంటే ఫిన్లాండ్. ఇలాంటివి ఒకసారి తెలిస్తే మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు. అసలు దేశం పేరే లేకుండా రాజుదో రాణిదో తల మాత్రమే ఉంటే ముందు బ్రిటన్ అనుకోండి. 1840లో మొట్టమొదటి స్టాంపు వేసింది వాళ్ళే కాబట్టి, దేశం పేరు రాయకపోవడం అప్పటినుంచీ వాళ్ళ ఆనవాయితీ.

అయితే దేశం తెలిసినంత మాత్రాన స్టాంపు తెలిసినట్టు కాదు. నా దృష్టిలో అసలు తేడా తేలేది ఇక్కడే. ఐదో జార్జి బొమ్మతో చాక్లెట్ రంగులో ఉండే ఒక అణా స్టాంపు మన ఆల్బమ్‌లలో తరచూ కనిపిస్తుంది. అది 1922లో లండన్ ముద్రణగా వచ్చింది. 1926 నుంచి అదే బొమ్మ నాసిక్ ప్రెస్‌లో అచ్చయింది. ముందువైపు నుంచి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా కాగితంలో ఉంది. లండన్ దాని వాటర్‌మార్క్‌లో, అంటే కాగితం లోపల దాగి ఉండే గుర్తులో, ఒక్కటే నక్షత్రం, నాసిక్ దానిలో చాలా నక్షత్రాలు. ఇది ఫోన్ కెమెరాకు ఎలా దొరుకుతుంది?

చూసే పద్ధతి కష్టమేమీ కాదు. నల్లటి చిన్న ట్రేలో స్టాంపును బోర్లా పెట్టి, రెండు చుక్కలు లైటర్ ఫ్లూయిడ్ వేయాలి. కాగితం తడిసిన కొద్ది క్షణాలు నక్షత్రం నల్లగా తేలుతుంది, ఆరగానే మాయమవుతుంది. కిటికీలు తీసి, పొయ్యికి దూరంగా కూర్చుని చేయండి. ఫోటోగ్రావ్యూర్ అనే పద్ధతిలో అచ్చయినవి కొన్ని రంగు కారతాయి కాబట్టి ముందు పనికిరాని దానిమీద చూసుకోవాలి. మన సముద్రపు గాలికి స్టాంపులు ఆల్బమ్‌కి అతుక్కుపోయి ఉంటాయి, వాటిని మాత్రం గోరుతో పీకకండి.

స్వాతంత్ర్యం తర్వాతవాటికీ ఇదే కథ. 1957లో నయా పైసలు వచ్చినప్పుడు వేసిన భారతదేశ పటం స్టాంపులు దాదాపు ప్రతి ఇంట్లో ఉంటాయి. మొదట నక్షత్రాల వాటర్‌మార్క్, 1958 నుంచి అశోక స్తంభం వాటర్‌మార్క్. 1949 నాటి ఒక అణా బోధిసత్వుడిదైతే ఇంకో తమాషా. ఆ బొమ్మ కుడి ఎడమలు తారుమారై అచ్చయింది, 1950లో సరిచేసి మళ్ళీ వేశారు. రెంటినీ పక్కపక్కన పెట్టి ఏ చెయ్యి చాచి ఉందో చూస్తే తప్ప తెలియదు. అంచు చిల్లులూ అంతే. రెండు సెంటీమీటర్లలో ఎన్ని చిల్లులున్నాయో గేజి, అంటే చిల్లులు కొలిచే స్కేలు, పెట్టి లెక్కపెట్టాలి.

అందుకే నా ఓటు బ్రిటన్‌లో వేసే స్టాన్లీ గిబ్బన్స్ స్టాంపుల కేటలాగుకే. బొమ్మ, రంగు, వాటర్‌మార్క్, చిల్లులు వరసగా ఇస్తుంది. ఏది ముందు చూడాలో, ఏది తర్వాతో పుస్తకమే చెబుతుంది. కొత్త ఎడిషన్ ధర చూసి చాలామంది వెనకడుగు వేస్తారు, కానీ గుర్తుపట్టడానికి పాత ఎడిషన్ చాలు. మారేవి ధరలే గాని 1922 నాటి వాటర్‌మార్క్ మారదు కదా. ఇండియా సంపుటంలో సంస్థానాలవీ ఉంటాయి. నిజాం స్టాంపులు, 1931 నాటి చార్మినార్ బొమ్మతో సహా, అందులోనే చూడాలి.

దీనికీ ఒక లోటుంది. 'కోర్ట్ ఫీ', 'ఇండియా రెవెన్యూ' అని ఉన్నవి ఎంత వెతికినా దొరకవు. అవి తపాలా స్టాంపులే కావు. ఆల్బమ్‌లో 'అంతుపట్టనివి' అంటూ పక్కన పెట్టినవాటిలో ఇవి చాలానే ఉంటాయి.

పెద్దాయన పనికొచ్చేది ముఖ్యంగా స్టాంపు మీద కొట్టే పోస్టాఫీసు ముద్రల దగ్గర. ఉత్తరాంధ్ర నుంచి రంగూన్ వెళ్ళిన కుటుంబాలు ఎన్నో. వాళ్ళు అక్కడినుంచి రాసిన ఉత్తరాల మీద 1937 దాకా మామూలు ఇండియా స్టాంపులే ఉండేవి, బర్మా బ్రిటిష్ ఇండియాలోనే ఉంది కాబట్టి. 1937లో విడిపోయాక అవే స్టాంపుల మీద 'బర్మా' అని అచ్చు వేశారు. అంతకుముందువి ఎక్కడ వాడారో తేల్చేది స్టాంపు కాదు, దానిమీద సగం చెరిగిన రంగూన్ ముద్ర. దాన్ని గుర్తుపట్టాలంటే వందల కవర్లు చూసిన కన్ను కావాలి. కాబట్టి పాత కవరు ఉంటే స్టాంపు కత్తిరించకండి, నానబెట్టకండి. కవరుతోనే పట్టుకెళ్ళండి.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. కోల్‌నెక్ట్ సైటు ఉచితం, దేశం తెలిశాక సంవత్సరం పట్టి వెతకడానికి బాగుంటుంది. అమ్మేవాళ్ళ మాట ధర విషయంలో వినవచ్చు, గుర్తింపు మాత్రం మీరే చూసుకోండి. ఫేస్‌బుక్ గ్రూపుల్లో అడిగితే వెనకవైపు ఫోటో కూడా పెట్టండి.

చేతిలో పది స్టాంపులే ఉంటే ఫోన్‌తో సరిపెట్టుకోవచ్చు. ఆల్బమ్ నిండా ఉంటే పాత కేటలాగు, నల్ల ట్రే, చిల్లుల గేజి కొనుక్కుని ముందు ఐదో జార్జి పేజీతో మొదలుపెట్టండి.