స్కేట్‌బోర్డు పట్టుకుని ఎటు పోవాలి: బెంగళూరా, కోవళమా, జన్వారా?

"నాలుగు రోజులు సెలవు దొరికింది, బోర్డు తీసుకుని ఎక్కడికి పోవాలి?" వారానికి ఒకరైనా అడుగుతారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది నాలాగే అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నేర్చుకున్నవాళ్లు. వాచ్‌మన్ విజిల్‌కి భయపడుతూనే బోర్డుతో సహా గాల్లోకి ఎగిరే ఆలీ కొట్టడం వచ్చేసింది. స్కేటింగ్ కోసం కట్టే వాలు, అదే ర్యాంపును మాత్రం యూట్యూబ్‌లోనే చూశారు. మొన్న డిసెంబరులో నాకూ ఇదే తర్జనభర్జన. మూడు పేర్లు రాసుకుని చివరికి బెంగళూరు రైలెక్కాను. ఎందుకో చెప్తాను.

అందరూ ముందు ఫొటోలు చూస్తారు. గిన్నెలా ఉండే బౌల్ ఎంత లోతు, వెనకాల సముద్రం కనిపిస్తుందా, గోడల మీద బొమ్మలున్నాయా అని. నేను ముందు చూసేది నేల. స్కేట్ పార్కుల్లో వాడే 99ఏ, 101ఏ (ఇవి గట్టిదనం కొలిచే అంకెలు) గట్టి చక్రాలు నున్నటి కాంక్రీటు మీద ఒక్క తోపుకే ఎంతో దూరం పోతాయి. అదే చక్రానికి శనగబద్దంత రాయి అడ్డం వస్తే బోర్డు ఆగిపోతుంది, మనం ఆగం. నా ఎడమ మోచేతి మీది మచ్చ అలాంటి రాయి పెట్టిందే.

సెల్లార్‌లో వేసే ట్రిమిక్స్ ఫ్లోరింగ్, అంటే నీళ్లు లాగేసి నున్నగా రుద్దిన కాంక్రీటు, నిజానికి చాలా మంచి నేల. దానికి అలవాటు పడ్డవాళ్లకి బయటికి రాగానే తేడా తెలుస్తుంది. షాపింగ్ కాంప్లెక్సు ముందు గ్రానైట్ మెరుస్తుంది కానీ కాస్త దుమ్ము పడితే జారుడుబల్లే. తాండూరు బండలు పరిచిన చోట సందు సందుకీ పళ్లు టకటకలాడతాయి. పార్కుల్లోనూ అన్నీ ఒకటి కాదు. ప్లైవుడ్ ర్యాంపు కొత్తలో హాయిగా ఉంటుంది, పడ్డా దెబ్బ తక్కువ. ఒక వానాకాలం తడిసిందంటే పొరలు లేచి, స్క్రూల తలలు బయటికొస్తాయి. కాంక్రీటు పడితే కరుస్తుంది, కానీ ఏళ్ల తరబడి నిలుస్తుంది. కొత్త పార్కుకి వెళ్లగానే నేను బోర్డు ఎక్కను. నేల, వాలు కలిసే చోటికి బోర్డును ఖాళీగా తోసి చప్పుడు వింటాను. సర్రుమని ఒకే చప్పుడుతో ఎక్కితే సరే. మధ్యలో 'టక్' మందంటే అక్కడ అంచు లేచి ఉన్నట్టే, వేగంగా వెళ్తే ముందు చక్రాలు తగులుకుని ఆగిపోతాయి.

ఈ లెక్కన చూస్తే కోవళం, మహాబలిపురం లాంటి సముద్రపు ఊళ్లతో చిక్కంతా ఇసుకే. గాలికి వచ్చి పడుతూనే ఉంటుంది, ఊడవడంతోనే సగం ఉదయం పోతుంది. పైగా ఉప్పుగాలికి బేరింగులు తుప్పు పడతాయి. అయినా కేరళ కోవళం అంటే నాకు ఇష్టమే. అక్కడ బడి మానేసిన పిల్లల్ని మళ్లీ చదువు వైపు తిప్పడానికి ఒక స్వచ్ఛంద సంస్థ సర్ఫింగ్, స్కేటింగ్ నేర్పుతుంది. పొద్దున అలలు, సాయంత్రం బోర్డు కావాలనుకునేవాళ్లకి అంతకంటే మంచి చోటు చెప్పలేను. డిసెంబరు నుంచి మార్చి లోపు వెళ్లండి, తర్వాత ఎండ, ఆపైన వాన. ఇంకో మాట, చెన్నై పక్కన కూడా ఒక కోవళం ఉంది, అక్కడా సర్ఫింగే. నా స్నేహితుడు ఒక ఊరికి టికెట్టు, ఇంకో ఊళ్లో గది బుక్ చేసుకున్నాడు. మహాబలిపురం గురించి అడిగేవాళ్లంతా కమలి ఫొటో చూసినవాళ్లే. గౌను వేసుకుని వట్టికాళ్లతో ర్యాంపు దిగుతున్న ఆ పాపను పేరున్న అమెరికన్ స్కేటర్ టోనీ హాక్ కూడా పంచుకున్నాడు. ఫొటో అద్భుతమే. కానీ ఒక ర్యాంపు కోసం నాలుగు రోజులు ఉండలేం.

జన్వార్ సంగతి వేరు. మధ్యప్రదేశ్‌లో పన్నా దగ్గర పల్లెటూరు. జర్మనీ నుంచి వచ్చిన ఉల్రికే రైన్‌హార్డ్ 2015లో అక్కడ కాంక్రీటు పార్కు కట్టించారు. బడికి పోనివాళ్లకి బోర్డు లేదు, అమ్మాయిలకే మొదటి వంతు అని రెండే నియమాలు పెట్టారు. ఆ ఊరి అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీల దాకా వెళ్లింది. ఖజురాహో చూడ్డానికి వెళ్తే తప్పకుండా ఒక పూట అటు వెళ్లండి. నాలుగు రోజుల ప్రాక్టీసుకని మాత్రం వెళ్లకండి. అది ఆ పిల్లల చోటు. మనం వెళ్లి వాళ్ల వంతు తినేయడం నాకు నచ్చదు.

ఇక బెంగళూరు. అక్కడ 2013లోనే హోలీస్టోక్డ్ అనే స్కేటర్ల బృందం కుర్రాళ్లు బయటి దేశాల స్కేటర్లతో కలిసి తమ చేతులతో పార్కు పోశారు. స్కేటర్లే తాపీ పట్టుకున్న నేలకీ, మేస్త్రీ గీతలు చూసి పోసిన నేలకీ తేడా మొదటి తోపులోనే తెలుస్తుంది. వాలు ఎక్కడ మొదలవ్వాలో మోకాళ్లకే తెలుసు. సర్జాపూర్ రోడ్డు వైపు ప్లే అరీనాలో దిగిన మొదటి రోజు డ్రాప్ ఇన్ చేయడానికి, అంటే ర్యాంపు పైఅంచు నుంచి బోర్డు మీద కిందికి దిగడానికి, భయపడి అరగంట అంచున నిలబడ్డాను. పన్నెండేళ్ల పిల్లాడు పక్కకొచ్చి, "అన్నా, ముందు కాలు గట్టిగా తొక్కు, వెనక్కి వాలావో పడతావ్" అన్నాడు హిందీలో. వాలాను, పడ్డాను. నాలుగోసారి వచ్చింది. మంచి నేల ఉన్నచోటికి మంచి స్కేటర్లు వస్తారు. వాళ్ల పక్కన నాలుగు రోజులుంటే సెల్లార్‌లో ఏడాదంత నేర్చుకుంటాం. వాతావరణం సంగతి మీకు తెలిసిందే. మే, సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాలు వానకి వదిలేసుకోండి. ఏ పార్కు ఎప్పుడు మూతపడుతుందో చెప్పలేం కాబట్టి ముందే ఫోన్ చేసుకోండి.

గోవా సంగతంటారా, పార్టీకి వెళ్తూ బోర్డు కూడా తీసుకెళ్తే తప్పులేదు. అహ్మదాబాద్‌లో 2022 జాతీయ క్రీడల స్కేట్‌బోర్డింగ్ పోటీలు సబర్మతి ఒడ్డున జరిగాయి. నేను వెళ్లలేదు.

హైదరాబాద్‌లో ఇందిరా పార్కు, వైజాగ్‌లో వుడా పార్కు రింకుల గురించి కూడా అడుగుతున్నారు. మన దగ్గర స్కేటింగ్ అంటే చక్రాల బూట్లే కదా, అవి వాటి కోసం కట్టినవి. బోర్డును రానిస్తే తోయడం, తిరగడం నేర్చుకోవచ్చు, అంతే. ర్యాంపు రుచి చూడాలంటే హైదరాబాద్ శివార్లలో వాల్‌రైడ్ అనే స్కేట్ పార్కు ఉంది. ఎండాకాలం పొద్దున ఎనిమిది దాటితే ఆ కాంక్రీటు మీద చెయ్యి పెట్టలేం. అయినా నాలుగు ఆదివారాలు అక్కడ డ్రాప్ ఇన్‌కి అలవాటు పడి, అప్పుడు కాచిగూడలో రాత్రి రైలెక్కండి. బోర్డు బెర్తు కింద పెట్టేటప్పుడు చక్రాలు పైకి ఉండేలా తిరగేయండి. లేకపోతే డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా అది బోగీ చివరిదాకా పోయి వస్తుంది.