విశాఖ ఎక్స్‌ప్రెస్సా, కోణార్కా, కళింగపట్నం ఒడ్డా: సినిమా కోసం ఏది మేలు?

ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి సికింద్రాబాద్. కోణార్క్ ఎక్కితే నేరుగా పుణె. సినిమా తీయాలని కలలు కనే మా శ్రీకాకుళం కుర్రాళ్లకి ఇవే రెండు దారులు. మూడోది, ఏ రైలూ ఎక్కకుండా చేతిలో ఉన్న ఫోన్‌తో ఇక్కడే మొదలెట్టడం. ఈ ఏడాది డిగ్రీ పూర్తి చేసిన మా పిన్ని కొడుకు "అన్నా, ఏది మేలు?" అని అడిగాడు. వాడికి చెప్పిందే రాస్తున్నాను.

పుణె సంగతి తొందరగా తేలిపోతుంది. పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో పెట్టిన ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అది. సత్యజిత్ రాయ్ పేరుతో కోల్‌కతాలో ఇంకొకటి ఉంది. డైరెక్షన్ కోర్సు మూడేళ్లు. డిగ్రీ ఉండాలి, ఎంట్రన్స్ రాయాలి. దేశం మొత్తం మీద పోటీ, సీట్లు చాలా తక్కువ. సీటొచ్చి, మూడేళ్ల దాకా నీ సంపాదన మీద ఇల్లు ఆధారపడకపోతే, ఇంకేమీ ఆలోచించకు, వెళ్లిపో.

హైదరాబాద్ నేను చూశాను. కృష్ణానగర్‌లో నలుగురం ఒకే గదిలో ఉండి, ఏడు నెలలు ఒక సినిమాకి అందరికంటే చిన్న అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేశాను. క్లాప్ కొట్టడం, కంటిన్యుటీ (ఒక షాట్‌లో ఉన్నది తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉండేలా చూడటం) రాసుకోవడం నా పని. ఒకరోజు టీ తాగే సీన్. సీన్ మొత్తం దూరం నుంచి తీసే మాస్టర్ షాట్‌లో గ్లాసులో టీ సగమే ఉంది. భోజనాలయ్యాక క్లోజప్‌కి నిండు గ్లాసు పెట్టేశారు. పొద్దున ఫోన్లో ఫొటో తీసి ఉంచుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎడిటింగ్ టేబుల్ దాకా ఎవరూ గమనించేవారు కాదు. ఈ జాగ్రత్త పెద్ద సెట్ మీద తప్ప ఎక్కడా అలవాటు కాదు. ఆ మేరకు హైదరాబాదే గొప్ప.

అయితే ఆ ఏడు నెలల్లో ఒక్క ఫ్రేమ్ కూడా నా ఊహతో పెట్టింది లేదు. రావాల్సిన బత్తాలో, అంటే రోజువారీ ఖర్చుల డబ్బులో, సగం రాలేదు. వాటికంటే ఎక్కువ బాధపెట్టింది వేరే. పనివాడి పాత్రకి మా యాస పెట్టారు. వాడు "ఏటి బాబూ" అనగానే జనం నవ్వాలి, అందుకే పెట్టారు. మా అమ్మ మాట్లాడే మాట అది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంటికొచ్చాక పదకొండు నిమిషాల సినిమా తీశాను. మా మేనత్త పలాసలో జీడిపిక్కలు ఒలుస్తుంది. పిక్కలోంచి కారే రసం చర్మాన్ని కాలుస్తుంది, వేళ్లు నల్లబడిపోతాయి. కూతురి పెళ్లిచూపుల్లో కాఫీ కప్పు అందిస్తూ ఆ వేళ్లని దాచుకునే తల్లి కథ అది. అత్తనే నటించమన్నాను. "ఏటిరా, ఈ సేతుల్ని సినిమాలో సూపిత్తావా?" అంది. చూపించాను, అదే నా మొదటి క్లోజప్. చివరి సీన్ కళింగపట్నం సముద్రపు ఒడ్డున తీస్తే గాలి హోరుకి మాటలన్నీ పోయాయి. మళ్లీ తెల్లవారుజామున వెళ్లి, మైకుకి మంకీ క్యాప్ తొడిగి తీశాను. సౌండ్ గురించి నాకు తెలిసిందంతా ఆ రెండు పూటల్లో తెలిసిందే.

ఊళ్లో కూర్చుని తీస్తే ఎవరు చూస్తారని మా పిన్ని కొడుకు భయం. విశాఖలో కంచరపాలెం వీధుల్లో, ఎక్కువగా అక్కడివాళ్లనే పెట్టి తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో థియేటర్లకి వచ్చింది. అంతకు చాలా ముందు జె.వి. సోమయాజులు గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తూ, విజయనగరంలో తమ్ముడు రమణమూర్తి గారితో కలిసి కన్యాశుల్కం ఆడారు. 1980లో ఆయన ప్రధాన పాత్ర వేసిన 'శంకరాభరణం' వచ్చేనాటికి ఆయన వెనక ఎన్నో ఏళ్ల నాటకం ఉంది.

అందుకే నా ఓటు ముందు ఇక్కడికే. ఆ తర్వాత హైదరాబాద్ వెళ్లాలి, వెళ్లక తప్పదు. సెట్ క్రమశిక్షణ ఫోన్ నేర్పదు. కానీ చేతిలో రెండు చిన్న సినిమాలుంటే, ఏం వచ్చని అడిగినవాళ్లకి చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. మన మాటని ఎలా పలికించాలో కూడా ముందే తెలిసి ఉంటుంది.

వాడు టికెట్ తీయడం ఆపాడు. ఈ ఆదివారం పలాసలో నా రెండోదానికి మైకు వాడే పట్టుకుంటాడు. ఆ తర్వాత వాడి కథకి నేను పట్టుకుంటాను.