ఫిన్నిష్ నేర్చుకునేవాళ్ళకు: కియెలితొయిమిస్తొన్ సనకిర్యా

ఫిన్లాండ్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఎవరడిగినా నేను చెప్పే నిఘంటువు ఇదే. అక్కడి ప్రభుత్వ భాషా సంస్థ తయారుచేసింది. లక్షకు పైగా మాటలున్నాయి, 2014 నుంచి ఆన్‌లైన్లో ఉచితం.

ఎంత పనికొస్తుందో చెప్పడానికి 'ఇల్కెయా' అనే మాట ఒక్కటి చాలు. మా పాప డేకేర్లో పిల్లలు గొడవపడితే "ఆలా ఓలె ఇల్కెయా" (ఇల్కెయాగా ఉండకు) అనుకుంటారు. ఎదుటివాళ్ళను కావాలని బాధపెట్టే మనిషి ఇల్కెయా. కౌంటర్ దగ్గర మొహం చిట్లించి జవాబిచ్చేవాడు మాత్రం 'తోయ్కెయా', మర్యాద లేనివాడు. చాలా యాప్‌లు రెండింటికీ 'చెడ్డ' అని చెప్పి వదిలేస్తాయి. ఇందులో రెండూ తెరిచి ఉదాహరణలు పక్కపక్కన చదివితే తేడా ఇట్టే పట్టుబడుతుంది.

నాకు బాగా నచ్చింది మాట పక్కనుండే చిన్న అంకె. ఇల్కెయాకి 15, అంటే 'కోర్కెయా' (ఎత్తైన) లాగే రూపాలు మారతాయన్నమాట. తెలుగులో 'దుర్మార్గపు పొరుగువాడికి' అన్నా, 'దుర్మార్గపు పొరుగువాళ్ళ నుంచి' అన్నా విశేషణం కదలదు. ఫిన్నిష్‌లో దానికీ విభక్తి తగలాల్సిందే: ఇల్కెయాల్లె నాపురిల్లె, ఇల్కెయిల్తా నాపురెయిల్తా. ఈ జంటలను గట్టిగా పైకి చదవండి, నాలుక తిరుగుతుంది.

అర్థాలన్నీ ఫిన్నిష్‌లోనే ఉంటాయి కాబట్టి మొదటి నెలల్లో కష్టమే. మామూలు వాక్యాలు చదవడం వచ్చాక మొదలుపెట్టండి. అప్పటిదాకా ఇంగ్లీషు అర్థాలిచ్చే నిఘంటువు ఏదైనా పక్కన పెట్టుకోండి.