రుషికొండ వైపు ప్రకృతి వైద్యం: మట్టి పట్టీ ఓకే, రెండో డాక్టరుతోనే టెన్షన్

అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా పదేళ్లుగా షుగర్. ఎవరో చెప్పారని రుషికొండ వైపున్న ఒక ప్రకృతి వైద్య కేంద్రంలో (పేరు రాయట్లేదు) పది రోజుల ప్యాకేజీ తీసుకున్నాం. రోజూ పొద్దున్నే మద్దిలపాలెం నుంచి ఆటో.

మొదటి రోజు చూసినావిడ బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగాల డిగ్రీ) చదివారు. అంటే ఇంటర్ బైపీసీ తర్వాత నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీ అన్నీ ఉంటాయి. ఆ తేడా వెంటనే తెలిసింది. అమ్మ ఉపవాసం మాట ఎత్తగానే మాత్రల స్ట్రిప్పులన్నీ బల్ల మీద పెట్టమని, ఒక్కోటీ తిప్పి చూసి, గ్లిమిపిరైడ్ దగ్గర ఆగి, "అమ్మగారూ, ఇది వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది, మీకు ఉపవాసం వద్దు" అన్నారు. తర్వాత తడి మట్టి గుడ్డలో పరిచి పొట్ట మీద అరగంట. "ఒరే, స్లాబు వేస్తున్నార్రా నా మీద" అని అమ్మ ఒకటే నవ్వు.

ఆరో రోజు ఆవిడ సెలవు. తెల్లకోటు వేసుకుని ఇంకొకాయన వచ్చారు, ఫైలు కూడా తెరవకుండా "షుగర్ మాత్రలు ఇవాళ్టి నుంచే ఆపేయండి, బూడిద గుమ్మడి రసం చాలు" అనేశారు. ఎక్కడ చదివారండీ అని అడిగితే, పోస్టులో చేసిన ఏడాది డిప్లొమా అట! రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే రిసెప్షన్ అమ్మాయి ప్యాకేజీ రేట్ల కాగితం చేతిలో పెట్టింది.

ఇదెలా కుదురుతోందంటే, ఆయుర్వేదం, యునాని, సిద్ధలకి 2020 చట్టంతో డాక్టర్ల చదువు, రిజిస్ట్రేషన్ చూసే జాతీయ కమిషన్ వచ్చింది గానీ ప్రకృతి వైద్యం అందులో లేదు. రిజిస్ట్రేషన్ సంగతి రాష్ట్రానికో రకం. ఇక్కడి బోర్డు మీదైతే ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి.

మాత్రలు ఆపలేదు. మిగతా రోజులు ఆవిడ ఉన్న పూటే వెళ్లాం. నొప్పి పూర్తిగా పోలేదు, మెట్లెక్కేటప్పుడు కాస్త నయం, అది ఆవిరి స్నానం వల్లో సాయంత్రం పకోడీలు మానేసినందుకో చెప్పలేను. గదులు శుభ్రంగా ఉన్నాయి, పార్కింగ్ లేదు. వెళ్లేవాళ్లు ముందు ఫోన్ చేసి బీఎన్‌వైఎస్ డాక్టరు డ్యూటీ ఏ పూటో కనుక్కోండి, నాలుగుసార్లు చేస్తేగానీ ఎత్తరు.