కొంగు ముడి కూడా చూడకుండా ఎమ్మారై గదిలోకి పంపేశారు, జాగ్రత్త

మాది పర్లాకిమిడి. అమ్మకి నడుం నొప్పి తగ్గకపోతే డాక్టర్ ఎమ్మారై (పెద్ద అయస్కాంతంతో ఒంటి లోపలి బొమ్మలు తీసే స్కాన్) రాశారు, పోయిన నెల బరంపురంలో ఒక ప్రైవేటు స్కాన్ సెంటర్‌కి తీసుకెళ్లాను. పేరు రాయను గానీ, అటు వెళ్లే మనవాళ్లు జాగ్రత్త.

6,500 ముందే కట్టించుకున్నారు. ఫారం ఒడియాలో, ఇంగ్లీషులో ఉంది, చదివేలోపే సంతకం పెట్టమన్నారు. గౌను లేదు, కట్టుకున్న చీరతోనే రమ్మన్నారు. తలుపు దగ్గర టెక్నీషియన్ ఒడియాలో ఏదో అడిగాడు, అమ్మ తలూపేసింది. చెకింగ్ అంటే అంతే! నాలుగడుగులు వేసిందో లేదో చీరకొంగు దానంతటదే లేచి మెషీన్ వైపు బిగుసుకుపోయింది. కొంగున ముడేసుకున్న బీరువా తాళం, నాలుగైదు రూపాయి బిళ్లలు. (మన రూపాయి బిళ్లలు స్టీలువే గానీ అయస్కాంతానికి అంటుకుంటాయి, ఇంట్లో చూసుకోండి.) ముడి గట్టిగా ఉంది కాబట్టి సరిపోయింది. "ఆడేటడిగాడో నాకేటి తెలుసు, బంగారం తీసేశావా అంటున్నాడనుకున్నాను" అంటుంది అమ్మ.

స్కాన్ ఆపేసి, తప్పు మాదేనని డబ్బు వాపసు ఇవ్వలేదు. అంతకంటే మండేది ఏమిటంటే అమ్మకి గుండెలో స్టెంట్ (రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే చిన్న లోహపు గొట్టం) ఉంది, ఆ సంగతి ఒక్కరూ అడగలేదు. చాలా స్టెంట్లకి ఇబ్బంది ఉండదట, సరే, అదే పేస్‌మేకర్ (గుండె సరిగ్గా కొట్టుకునేలా చూసే బ్యాటరీ పరికరం) అయ్యుంటే?

స్కాన్ మొదలయ్యాకే అయస్కాంతం పనిచేస్తుందని నేనూ అనుకునేదాన్ని. కాదు, రాత్రీ పగలూ ఉంటుంది. 1.5 టెస్లా మెషీన్ అంటే భూమి అయస్కాంత శక్తికి సుమారు 30 వేల రెట్లు. 2018 జనవరిలో ముంబైలో ఒకాయన బంధువు స్కాన్ కోసం ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని లోపలికెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు.

అందుకే డబ్బు కట్టకముందే ఫోన్ చేసి గౌను ఇస్తారా, తెలుగులో అడిగే మనిషి ఉన్నారా అని కనుక్కోండి. లేకపోతే మీరే పక్కన నిలబడి పెద్దవాళ్లకి ఒక్కో ప్రశ్నా తెలుగులో చెప్పండి, మొలతాడుకి కట్టిన తాయెత్తుతో సహా.

తర్వాత శ్రీకాకుళంలో చేయించాం. స్టెంట్ కార్డు చూశారు, ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడిందా అని కూడా అడిగారు, ఉంటే అయస్కాంతం దాన్నీ లాగుతుంది కదా. చీర మార్చి గౌను తొడుగుతుంటే అమ్మ జాకెట్టు లోపలి వైపు ఒక పిన్నీసు దొరికింది. బరంపురంలోనూ అది అక్కడే ఉందట.