పింటరెస్టా, గంటస్తంభం బజారా?

సిరిమానోత్సవానికి పోస్టర్ వేయాలి. ఐడియా కోసం ఫోన్ తీయాలా, విజయనగరం బజారులోకి వెళ్లాలా?

రంగుల పొందిక, ఖాళీ ఎక్కడ వదలాలన్నది చూసుకోవడానికి పింటరెస్ట్ (డిజైన్లు, బొమ్మలు వెతుక్కునే యాప్) చాలు. కాకపోతే ఒకటి నొక్కితే అలాంటివే వందొచ్చి పడతాయి, మన పోస్టరూ వాటిలో కలిసిపోతుంది.

అక్షరాలకైతే నా ఓటు బజారుకే. మూడు లాంతర్ల కూడలి నుంచి గంటస్తంభం దాకా తలెత్తి నడవండి. చేత్తో రాసిన పాత బోర్డు దొరికితే (ఫ్లెక్సీలు చాలావరకు మింగేశాయనుకోండి) దగ్గరికెళ్లి చూడండి. ‘వస్త్రాలయం’లో త వత్తు, ర వత్తు రెండూ స కిందే సర్దుకోవాలి. పెయింటర్ వాటికి ముందే చోటు ఉంచి, కింది లైను దించి రాస్తాడు. ఇంగ్లిష్ పోస్టర్లు చూసి లైన్లు దగ్గరగా పేర్చామా, ఆ వత్తులు కింది లైను గుడుల మీద పడతాయి.