సిస్టమ్‌వెరిలాగ్ స్టాండర్డ్, 19వ అధ్యాయం: కవరేజ్ రిపోర్ట్ చదివేవాళ్లకి నా రివ్యూ

చిప్ డిజైన్లు రాయడానికి, పరీక్షించడానికి వాడే సిస్టమ్‌వెరిలాగ్ భాష నియమాల పుస్తకం, అంటే ఐఈఈఈ 1800-2017 స్టాండర్డ్, 1,300 పేజీలు దాటుతుంది. మొత్తం చదివినవాళ్లని నేనైతే చూడలేదు. వెరిఫికేషన్‌లో, అంటే చిప్ డిజైన్‌ని పరీక్షించే పనిలో ఉన్నవాళ్లు కనీసం కవరేజ్ (ఎంతవరకు పరీక్షించామో చూపే లెక్క) గురించిన 19వ అధ్యాయం, అందులోనూ ఆప్షన్ల పట్టికలు చదివి తీరాలి.

మా టీమ్‌లో చేరే కొత్త పిల్లలది ఎప్పుడూ ఒకటే టెన్షన్. "అక్కా, బిన్లన్నీ తగిలాయి కదా, రిపోర్ట్‌లో 50 శాతమే ఉందేంటి?" అని వస్తారు. బిన్ అంటే పరీక్షలో రావాల్సిన విలువలకి పెట్టిన గడి; ఆ విలువ వస్తే బిన్ తగిలినట్టు. రెండు పోర్టులు, ఒకే కవర్‌గ్రూప్‌కి (ఇలాంటి బిన్లన్నీ ఉండే కొలత) రెండు ఇన్‌స్టెన్సులు, అంటే పోర్టుకో కాపీ, ఒక్కోదాంట్లో 0 నుంచి 3 వరకు నాలుగు బిన్లు అనుకోండి. మొదటి పోర్టులో 0, 1 తగిలాయి. రెండోదాంట్లో 2, 3. ఇన్‌స్టెన్సుల బిన్లని కలపాలా వద్దా అని చెప్పే మెర్జ్_ఇన్‌స్టెన్సెస్ ఆప్షన్ డీఫాల్ట్‌గా 0 కాబట్టి లెక్క సగటు మీద నడుస్తుంది: 50 శాతం. దాన్ని 1 చేస్తే బిన్లు కలిసిపోయి 100 అవుతుంది. సిమ్యులేషన్ అదే, హిట్లూ అవే! రెండు పోర్టులూ ఒకే ఆర్‌టీఎల్ (డిజైన్ కోడ్) కాపీలైతే కలపడంలో అర్థముంది. కానీ ఎర్రర్ ప్యాకెట్ ఒక పోర్టుకి అసలు వెళ్లనే లేదంటే, ఆ 100 చూపించి సైన్ ఆఫ్ (పరీక్ష పూర్తయిందన్న ఆమోదం) అడిగితే నేను ఒప్పుకోను.

ఇక్కడే ఇంకో తిరకాసు. మెర్జ్ 1 పెట్టి, గెట్_ఇన్‌స్ట్_కవరేజ్ ఆప్షన్‌ని 0గానే వదిలేస్తే, ఏ పోర్టుని విడిగా అడిగినా మొత్తం లెక్కే, అంటే 100 అనే జవాబొస్తుంది. అది కూడా 1 చేస్తేనే ఒక్కో పోర్టుకి 50 బయటపడుతుంది. పైగా దీన్నీ, పర్_ఇన్‌స్టెన్స్‌నీ కవర్‌గ్రూప్ డెఫినిషన్‌లోనే పెట్టాలి, తర్వాత కోడ్‌లో మార్చడం కుదరదు. పర్_ఇన్‌స్టెన్స్ 0గా ఉంటే ఇన్‌స్టెన్సుల వివరాలు డేటాబేస్‌లో దాచాల్సిన బాధ్యత టూల్‌కి లేదు.

నాకు అస్సలు నచ్చని డీఫాల్ట్ ఆటో_బిన్_మ్యాక్స్ (టూల్ తనంతట తాను చేసే బిన్ల గరిష్ఠ సంఖ్య), 64. బిన్లు రాయకుండా 32 బిట్ల అడ్రస్‌ని కవర్‌పాయింట్‌లో (ఏ విలువని గమనించాలో చెప్పే చోట) పడేస్తే ఒక్కో బిన్‌లోకి దాదాపు 6.7 కోట్ల అడ్రసులు పోతాయి. వాటిలో ఒక్కటి తగిలితే ఆ బిన్ పచ్చగా అయిపోతుంది. ఇక గోల్ 90 పెడితే శాతం పెరుగుతుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది లక్ష్యం మాత్రమే, లెక్కలోకి రాదు. వెయిట్ (సగటులో ఒక్కోదానికి ఇచ్చే ప్రాధాన్యం) అలా కాదు, నేరుగా లెక్కలోకి వస్తుంది. క్రాస్ (కవర్‌పాయింట్ల విలువల కలయికలు) కోసమే పెట్టిన కవర్‌పాయింట్‌కి నేను వెయిట్ 0 ఇచ్చేస్తాను.

పుస్తకంగా చూస్తే ఓపిక పరీక్షే. ఆప్షన్లు 19.7లో, వాటితో లెక్క ఎలా కట్టాలో 19.11లో. మధ్యలో పేజీలు తిప్పుకుంటూ ఉండాలి. పట్టికలో ఒక్కో ఆప్షన్‌కి రెండు మూడు వాక్యాలు రాసి వదిలేశారు. అయినా ఐదుకి నాలుగు చుక్కలు ఇస్తాను. ఐఈఈఈ గెట్ ప్రోగ్రామ్ కింద ఉచితంగానే దొరుకుతుంది, 2023 ఎడిషన్ కూడా అక్కడే ఉంది.